మా లెక్కల సార్ ఫోర్ట్రాన్ నేర్చుకున్న ఏడాది

పోయిన మంగళవారం పొద్దున్న మా సార్ పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసి, “అక్కా, నాన్న ఇగ లేడు. చాయ్ తాగిండు, పేపర్ సగం చదివిండు, జరసేపు ఒరుగుత అన్నడు. గంతే,” అంది. తొంభై దాటిన మనిషి. ఒక్కరోజు మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. అదృష్టవంతుడని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా చాలాసేపు లేవలేకపోయాను.

చిక్కడపల్లిలో వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం ముందు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. వాళ్ళకే ఇప్పుడు జుట్టు నెరిసిపోయింది. ఒకాయన నా పక్కకు వచ్చి, “మీరు గూడ సార్ స్టూడెంటేనా అమ్మా?” అని అడిగారు. అవునన్నాను. అది సగమే నిజం. మిగతా సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేము బందరు నుంచి వచ్చినవాళ్ళం. నాన్న సెక్రటేరియట్‌లో గుమాస్తా. నాకు ఎనిమిదేళ్ళప్పుడు చిక్కడపల్లిలో సార్ ఇంట్లో ముందు వాటాకు అద్దెకు దిగాం. ముందు రెండు గదులు మావి, వెనక మూడు గదులు వాళ్ళవి, మధ్యలో ఇద్దరికీ కలిపి ఒక వాకిలి, ఒక కుళాయి. సార్ నారాయణగూడలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆయన భార్యను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నేను కూడా లెక్కలే చదివి, బి.ఎస్సీ. అయి ఎమ్మెస్సీలో చేరడానికి సగం కారణం ఆ వాకిలే. సాయంత్రం కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిల్చుంటే, లోపల సార్ ఎవరో కుర్రాడికి లెక్క విడమరిచి చెబుతున్నది వినబడేది. బిందె నిండి పొర్లిపోయేది. తీరిక దొరికితే నా లెక్కల నోటుబుక్కు కూడా ఆయనే దిద్దేవారు.

ఆయన నైజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివారు. పాఠం ఇంగ్లీషులోనో తెలుగులోనో చెప్పినా, లెక్క మాత్రం పెదవుల మధ్య ఉర్దూలోనే చేసుకునేవారు. “సత్రా ఏకం సత్రా, సత్రా దూనీ చౌంతీస్” అని గొణుక్కుని, పైకి మాత్రం “థర్టీ ఫోర్” అనేవారు. ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవారు. సోంపు నోట్లో వేసుకోకుండా ఒక్క పేపరూ దిద్దేవారు కాదు.

పందొమ్మిది వందల అరవై తొమ్మిది మొదట్లో ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడి పెద్దమ్మను పిలిచారు. వచ్చే ఏడాది నుంచి లెక్కల్లో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అని కొత్త పేపరు పెడతారట. ఎవరు చెబుతారని ప్రిన్సిపాల్ అడిగితే, కుర్ర లెక్చరర్లంతా తలలు దించుకున్నారట. ఈయన చెయ్యెత్తారు.

“మీకొస్తదా గది?” అంది పెద్దమ్మ.

“రాదు. అందుకే ఎత్తిన. ఇరవై ఏండ్ల సంది చెప్పిందే చెప్తున్న. ఇన్నాళ్ళకు నాకు తెల్వనిది ఒకటి దొరికింది.”

అప్పటికి ఆయనకు నలభై మూడేళ్ళు. ఆ ముఖం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కొత్త సైకిల్ కొనిస్తామన్నప్పుడు మా తమ్ముడి ముఖం అలా ఉండేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే కాలేజీలు మూతపడ్డాయి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊరంతా పాకింది. బస్సులు ఒకరోజు తిరిగితే రెండురోజులు ఆగేవి. నా ఎమ్మెస్సీ ఆగిపోయింది. పొద్దున్నే లేచి చెయ్యడానికేమీ లేక గుమ్మంలో కూర్చుంటే సార్ ఒక కట్ట కాగితాలు పట్టుకుని వచ్చారు. అశోక్ నగర్‌లో ఉండే ఆయన పాత క్లాస్‌మేట్ ఒకాయన, ఊరి చివర ఉన్న పెద్ద ఆఫీసులో కంప్యూటర్ దగ్గర పనిచేసేవారు. ఆయన ఇచ్చిన సైక్లోస్టైల్ కాపీ అది. మీద ‘ఫోర్ట్రాన్’ అని ఉంది. మాట కొత్త. మందు సీసా మీద పేరులా తోచింది నాకు.

“ఇది మిషన్‌తోని మాట్లాడే భాషనట. నువ్వు గూడ ఖాళీగనే ఉన్నవు గద బిడ్డా. రా, ఇద్దరం నేర్చుకుందాం.”

“నాకేం తెలీదు సార్.”

“నాకు మాత్రం తెలుసా? ఇద్దరికీ తెల్వకపోవుడే మంచిది. ఒక్కరికి తెలిస్తే ఇంకొకరు ఊకె తలకాయ ఊపుతరు.”

మీలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్ళకు నవ్వు రావచ్చు. మేమిద్దరం నేర్చుకోవడం మొదలుపెట్టేనాటికి కంప్యూటర్‌ను కళ్ళతో చూడలేదు. బొమ్మ కూడా సరిగ్గా చూడలేదు. మిషన్ చెయ్యాల్సిన పనిని వరుస వరుసగా గళ్ళ కాగితం మీద రాయాలి. ఆఫీసులో ఎవరో దాన్ని అట్టముక్కల మీద చిల్లులుగా కొడతారు. ఆ చిల్లులు చదువుకుని మిషన్ జవాబు అచ్చువేస్తుంది. క్లాస్‌మేట్ గారు వారానికొకసారి, మిషన్ ఖాళీగా ఉన్న అరగంటలో మా కాగితం పెట్టిస్తానన్నారు. ఆదివారం అశోక్ నగర్ నడిచి వెళ్ళి కాగితం ఇవ్వడం, పై ఆదివారం వెళ్ళి ఫలితం తెచ్చుకోవడం. ఒక్క తప్పు చేస్తే ఒక వారం పోయినట్టే.

మొదటి ప్రోగ్రాం పదిహేడో ఎక్కం అని సార్ నిర్ణయించారు. “ఏ పోరగాడైనా ముందుగాల ఎక్కాలు నేర్చుకుంటడు. మిషన్ గూడ గదే నేర్చుకోవాలె. పదిహేడు కాడికి వచ్చేసరికి మా క్లాసుల సగం మంది ఆగుతరు. ఇది ఏడ ఆగుతదో చూద్దాం.”

ఎక్కం చెప్పాలంటే ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు రావాలి కదా. దానికోసం పుస్తకంలో ఒక వరుస ఉంది: ఎన్ = ఎన్ + 1. సార్ అది చూసి ఎర్ర పెన్సిలు తీసి కొట్టేశారు.

“అచ్చుతప్పు,” అన్నారు.

రెండు పేజీల తర్వాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్టేశారు. మూడోసారి వచ్చేసరికి పెన్సిలు కింద పెట్టి నా వైపు తిరిగారు. “రెండు దిక్కుల ఎన్ కొట్టేసినవనుకో, ఏం మిగుల్తది? సున్నా ఈక్వల్ టు ఒకటి. గిట్ల రాసినోళ్ళకు ఇన్నేండ్లు సున్నా వేసిన. ఇప్పుడు నేనే రాయాల్నా?”

నాకూ అది తప్పనే అనిపించింది. ఇద్దరం కూర్చుని పుస్తకాన్ని సరిదిద్దాం. ‘కె = ఎన్ + 1’ అని రాశాం. ఎన్ కంటే ఒకటి ఎక్కువైన అంకెకు కె అని వేరే పేరు పెట్టాం. లెక్కల ప్రకారం అందులో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. ఆ కాగితాన్ని పెళ్ళి శుభలేఖలా మడిచి అశోక్ నగర్‌లో ఇచ్చి వచ్చాం.

పై ఆదివారం క్లాస్‌మేట్ గారు గుమ్మంలోనే ఎదురొచ్చి ఒక మందపాటి కాగితాల మడత సార్ చేతిలో పెట్టారు. “మిషన్ కాడ నా ఇజ్జత్ పోయిందిరా భాయ్. ఆపకుంటే ఇప్పటికీ అచ్చు కొడ్తనే ఉండేది,” అన్నారు.

ఇంటికొచ్చి వాకిట్లో పరిచాం. పేజీ తర్వాత పేజీ ఒకటే వరుస. పదిహేడు, ఒకటి, పదిహేడు. పదిహేడు, ఒకటి, పదిహేడు. పెద్దమ్మ బియ్యం చేట పట్టుకుని వచ్చి వంగి చూసింది. “ఒకట్ల కాడ్నే కూసున్నదా? గంతకంటే మీ క్లాసుల పోరలే నయం,” అని లోపలికి పోయింది. సార్ నవ్వలేదు. ఆ వారమంతా ఆ కాగితాలు ఆయన మంచం పక్కనే ఉన్నాయి.

ఆ రోజుల్లో మా ఇంట్లో పరిస్థితి వేరుగా ఉండేది. నాన్న బస్సులో నోరు విప్పడం మానేశారు, యాస పట్టిస్తుందని. టికెట్టుకు కూడా వేలు చూపించేవారు. పక్క సందులో మా వైపు వాళ్ళ కొట్టు బోర్డు ఎవరో రాళ్ళతో కొట్టారు. అమ్మనూ, నన్నూ, తమ్ముణ్ణీ బందరు పంపించేయాలని నాన్న అనుకుంటున్నారని తెలిసి సార్ మా వాటాలోకి వచ్చారు.

“చూడుండ్రి,” అన్నారు నాన్నతో. “మాకు అన్యాయమైంది. గది నేనంట, దాపరికం లేదు. నా తర్వాత వచ్చినోళ్ళు నాకంటే పైకి పోయిండ్రు. చౌరస్తా కాడ దీక్ష శిబిరంల నేను గూడ కూసుంటున్న. కానీ ఈ ఇంట్ల ఉన్నోళ్ళ జోలికి ఎవరన్న వస్తే ముందు నన్ను దాటాలె.”

“మీ మీద నమ్మకం లేక కాదండీ,” అన్నారు నాన్న.

“నమ్మకం గురించి గాదు. పిల్ల చదువు మధ్యల ఉన్నది. అది సగంల వదిలిపెట్టి పోవద్దు.”

అమ్మా తమ్ముడూ కొన్నాళ్ళు బందరు వెళ్ళారు. నేను ఉండిపోయాను.

తర్వాతి వారం యూనివర్సిటీలో ఏదైనా నోటీసు పెట్టారేమో చూసి రావాలనుకున్నాను. బస్సులు లేవు. ఒంటరిగా వద్దని సార్ తోడు వచ్చారు. నారాయణగూడ చౌరస్తా దగ్గర షామియానా కింద రిలే నిరాహార దీక్ష శిబిరం ఉంది. కూర్చున్నవాళ్ళలో సార్ విద్యార్థులే ఎక్కువ. నేను తల దించుకుని, నోరు మూసుకుని, ఆయన వెనకాలే నడుస్తున్నాను. శిబిరం ముందు ఒక నల్లబోర్డు మీద ‘దీక్ష 23వ రోజు’ అని ఉంది. గడ్డం పెంచుకున్న ఒక విద్యార్థి లేచి వచ్చి, రుమాలుతో ఇరవై మూడును తుడిచి, అదే చోట ఇరవై నాలుగు రాశాడు.

సార్ ఆగిపోయారు. తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నడివీధిలో, పొట్ట పట్టుకుని.

గడ్డం విద్యార్థి ముఖం ఎర్రబడింది. “ఏంది సార్? మేం ఉపాసముంటే మీకు నవ్వొస్తుందా?”

“నీ మీద గాదు బిడ్డా, నా మీద నవ్వుకుంటున్న. గా బోర్డు మీద పొద్దుగాల ఏముండె?”

“ఇరవై మూడు.”

“ఇప్పుడు?”

“ఇరవై నాలుగు. రోజూ ఒకటి కలుపుతం గద.”

“బోర్డు మారిందా?”

“బోర్డెందుకు మారుతది సార్? అంకె మారింది.”

“గంతే! నెల సంది నా బుర్రకు ఎక్కనిది గదే,” అని సార్ నా వైపు తిరిగారు. “చెప్పు బిడ్డా. వీళ్ళకు నువ్వు చెప్పు.”

నేను ఒక్క మాట మాట్లాడితే ఎక్కడిదాన్నో అందరికీ తెలిసిపోతుంది. సార్‌కూ ఆ సంగతి తెలుసు. అయినా అలాగే చూస్తూ నిలబడ్డారు. ఇక తప్పదని నోరు తెరిచాను.

“ఎన్ అంటే అంకె కాదండీ. అంకె పెట్టుకునే చోటు. అందులో ఉన్నదానికి ఒకటి కలిపి, మళ్ళీ అందులోనే పెట్టమని మిషన్‌కి చెబుతున్నామన్నమాట. మేము కె అని వేరే చోట పెట్టాం. అందుకే ఎన్ ఎప్పటికీ ఒకటిగానే ఉండిపోయింది.”

చెబుతూ ఉండగానే నాకు పూర్తిగా అర్థమైంది. ఎవరో వెనక నుంచి, “ఆంధ్రా పిల్లనా సార్?” అన్నారు.

“నా స్టూడెంటు,” అన్నారు సార్.

గడ్డం విద్యార్థి నన్ను కిందికీ పైకీ చూశాడు. అతను బోర్డు వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి, “మరి పాత అంకె ఏడికి పోతది?” అని అడిగాడు.

“పోతుందండీ, అంతే. మీరు ఇందాక తుడిచేశారు కదా.”

“కావాలంటే మళ్ళ రాదా?”

“ముందే ఇంకోచోట రాసిపెట్టుకోవాలి.”

అతను తలూపి వెళ్ళి తన చోట కూర్చున్నాడు. మేము ముందుకు నడిచాం. యూనివర్సిటీలో ఏ నోటీసూ లేదు. దారంతా సార్ సోంపు నములుతూ, ఉర్దూలో ఏదో గొణుక్కుంటూ, మధ్యమధ్య ఆగి నవ్వుకుంటూనే ఉన్నారు.

ఆ ఆదివారం ఇచ్చిన కాగితం పైవారం ఒక్క పేజీగా తిరిగి వచ్చింది. పదిహేడు ఒకట్ల నుంచి పదిహేడు పదుల వరకు, పది వరుసలు. సార్ దాన్ని తీసుకెళ్ళి పెద్దమ్మకు గొంతెత్తి చదివి వినిపించారు. ఆవిడకు పదిహేడో ఎక్కం కంఠతా వచ్చు. ఆయన కంటే ముందే ఆవిడ జవాబులు చెప్పేసింది.

అక్కణ్ణుంచి మాకు పట్టు దొరికింది. ప్రధాన సంఖ్యలు వెతికించాం, వర్గమూలాలు తీయించాం. తప్పులు రాకపోలేదు, చాలానే వచ్చాయి. కానీ తప్పు వచ్చినప్పుడు సార్ మొదటిసారిలా ముఖం మాడ్చుకోలేదు. “మిషన్ తప్పు చెయ్యలే. మనం చెప్పిందే చేసింది. మనం ఏం చెప్పినమో చూద్దాం, పా,” అనేవారు. తర్వాత ముప్ఫై ఏళ్ళు ఉద్యోగంలో నా కింద పనిచేసిన పిల్లలకు నేను చెప్పిన పాఠం అదొక్కటే.

అన్ని రోజులూ అలా సాగలేదు. శిబిరం మీద లాఠీచార్జి జరిగిన రోజు సార్ చొక్కా మీద రక్తంతో ఇంటికొచ్చారు. ఆయనది కాదు, ఎవరో విద్యార్థిది. నేను నోటుబుక్కు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను. “ఇయ్యాల పాఠం లేదు బిడ్డా,” అని కుళాయి కింద చేతులు చాలాసేపు కడుక్కున్నారు. నేను నోటుబుక్కు మూసేశాను. ఏమైనా అనడానికి నాకు హక్కుందో లేదో కూడా ఆ వయసులో తెలియలేదు.

వానలు మొదలయ్యే ముందు క్లాస్‌మేట్ గారు ఒక కబురు తెచ్చారు. వాళ్ళ ఆఫీసులో ఆరునెలల కంప్యూటర్ శిక్షణ ఇస్తారట. లెక్కల్లో డిగ్రీ ఉన్నవాళ్ళు, కాలేజీ లెక్చరర్లు ఎవరైనా పరీక్ష రాయవచ్చు. బాగా చేసిన కొత్తవాళ్ళకు అక్కడే ఉద్యోగం. సార్ రెండు దరఖాస్తులు తెచ్చారు, ఒకటి ఆయనకు, ఒకటి నాకు.

ఒకే హాలులో రాశాం. నాకు రెండు వరుసల ముందు ఆయన. ఫోర్ట్రాన్ గురించి ఒక్క ప్రశ్న లేదు. అన్నీ ఇంగ్లీషులో పొడుపుకథల్లాంటి లెక్కలు. తక్కువ సమయం, ఎక్కువ ప్రశ్నలు. నేను వేగంగా చేసుకుంటూ పోయాను. తలెత్తి చూసినప్పుడల్లా సార్ పెదవులు కదులుతూ కనిపించాయి. బయటికొచ్చాక, “ఒక్కొక్క ప్రశ్నను ఇంగ్లీషుల నుంచి తెలుగులకు, తెలుగుల నుంచి ఉర్దూలకు తెచ్చుకునేసరికి గంట కొట్టిండ్రు,” అని నవ్వారు. సగం పేపరు ఖాళీగా ఇచ్చేశారట.

ఉత్తరాలు రెండూ ఒకేరోజు వచ్చాయి. సార్ తనది చించి, చదివి, జేబులో పెట్టుకున్నారు. “నీది చూడు ముందు,” అన్నారు. నేను విప్పాను. చదవడం పూర్తికాకముందే నా చేతిలోంచి లాక్కుని, వాకిట్లోకి వెళ్ళి, “పాసైంది! మన పిల్ల పాసైంది!” అని కేకపెట్టారు. ఎదురింటివాళ్ళు కిటికీ తీసి చూశారు. మీదేమైందని నేను అడిగితే వినిపించుకోలేదు. మూడోసారి అడిగితే, “నాది ఫెయిల్,” అన్నారు, టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు.

ఆయనకు బాధ లేదని నేననను. పెద్దమ్మ మాత్రం తన బాధను దాచుకోలేకపోయింది. “గింత కష్టపడ్డరు. మీరు నేర్పిన పిల్లకొచ్చె, మీకు రాకపాయె,” అని వంటింట్లో ఆవిడ అన్న మాట గోడ ఇవతల నాకు వినబడింది. రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. శిబిరంలోని గడ్డం విద్యార్థి దారిలో సార్‌ను ఆపి, “మీ సీటు గా పిల్లకు పోయింది సార్. మనం కొట్లాడుతున్నది దీని గురించే గద,” అన్నాడట. “నా సీటెట్ల అయితది? నాకొచ్చిన మార్కులకు సీటే లేదు,” అన్నారట సార్. కానీ ఆ అబ్బాయి అన్నదాంట్లో న్యాయం ఏమీ లేదని నేను అనుకోలేదు. ఆ హాలులో సార్‌కు లెక్కలు రాక కాదు. ఆయన చదువుకున్న భాషలో ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఆ సంగతి నాకు తెలుసు.

అందుకే మూడోరోజు వెళ్ళి, నేను చేరను సార్, అని చెప్పాను.

ఆయన నా మీద కోపం తెచ్చుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే. కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. “చేరవా? ఎందుకు? నా మీద జాలా?”

“అది కాదు సార్...”

“నువ్వు పోకుంటే నాకెవరు చెప్తరు? కాలేజీ తెరుస్తరు. పేపరు నేనే చెప్పాలె, మాటిచ్చిన. ఎక్కం ఒక్కటి చేయించొస్తే సరిపోతదా? నువ్వు పో. ఆరునెలలు అక్కడ నేర్చుకో. ప్రతి ఐతారం వచ్చి నాకు చెప్పు. ఇద్దరికి పెట్టిన పరీక్షల ఒక్కరం పాసైతే ఇద్దరం పాసైనట్టే లెక్క.”

పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. లోపలికి వెళ్ళి ఒక గ్లాసు చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. “ఐతారం పొద్దుగాల్నే రా. మళ్ళ ఆయన పండుకుంటడు,” అంది.

అలా నేను మా సార్‌కు టీచర్నయ్యాను. వారమంతా ఊరి చివర శిక్షణ, ఆదివారం వెనక వాటాలో పాఠం. మొదటి ఆదివారం ఆయన తన చేతుల కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తాను ముక్కాలిపీట మీద కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను. “కూసో. కుర్చీల కూసున్నోళ్ళు చెప్పాలె, పీట మీద కూసున్నోళ్ళు వినాలె. గదే రూలు,” అన్నారు. హోంవర్కు ఇమ్మని అడిగి తీసుకునేవారు. శుక్రవారానికల్లా చేసేసేవారు. ఆయన చేసింది మొదటిసారి దిద్దుతుంటే ఒక తప్పు కనిపించి, ఆయన ఎర్ర పెన్సిలే నా చేతిలో ఆగిపోయింది. చిన్నప్పుడు నా తప్పులన్నీ ఆ పెన్సిలుతోనే దిద్దారు ఆయన.

“కొట్టెయ్ బిడ్డా,” అన్నారు. “తప్పు కాడ మొహమాటపడితే అది ఇంట్లనే కూసుంటది.”

కొట్టేశాను. ఆయన తల వంచి చూసుకుని, పెదవుల మధ్య ఉర్దూలో మళ్ళీ మొదటినుంచి చేశారు. ఎన్ని వారాలైనా ఒక్కసారి కూడా, ‘నాకు తెలుసులే’ అనలేదు. అర్థం కాకపోతే అర్థం కాలేదనేవారు. రెండుసార్లు చెప్పినా అర్థం కాకపోతే, “నువ్వు సరిగ చెప్పలే. ఇంకోరకంగ చెప్పు,” అనేవారు. అది కూడా నిజమే అయ్యేది. ఆయనకు చెప్పడం కోసం వెతుక్కుంటూ వెతుక్కుంటూ నేను నేర్చుకున్నంత ఆ శిక్షణలో ఇంకెవరూ నేర్చుకోలేదు. ఆరునెలల తర్వాత నాకు అక్కడే ఉద్యోగం ఇచ్చారు. నాన్న ఆ ఉత్తరం పట్టుకుని అందరికంటే ముందు సార్ వాళ్ళ వాటాకే వెళ్ళారు.

సార్ ఆ పేపరు రిటైరయ్యేదాకా చెప్పారు. కాలేజీకి సొంత కంప్యూటర్ చాలా ఏళ్ళు రాలేదు. అయినా ఆయన పిల్లలు గళ్ళ కాగితం మీద రాసినవి తొంభైపాళ్ళు మొదటిసారికే నడిచేవి. నా దగ్గరికి ఉద్యోగానికి వచ్చిన నారాయణగూడ కుర్రాళ్ళను, ఎవరి దగ్గర నేర్చుకున్నారని నేనెప్పుడూ అడగలేదు. తప్పు వచ్చినప్పుడు ఎవరి మీదా నెట్టకుండా ముందు తమ కాగితం చూసుకునేవాళ్ళు. దాన్ని బట్టి తెలిసిపోయేది.

కాలేజీలు తెరిచాక ఆయన ఆ పేపరు మొదటి క్లాసు చెప్పిన రోజు నేను శిక్షణకు సగంపూట సెలవు పెట్టి వెళ్ళాను. “వెనకాల కూసో, తప్పు చెప్తే చెయ్యెత్తు,” అన్నారు గానీ, అంతమంది అబ్బాయిల మధ్య కూర్చోలేక వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. చాలా బాగా చెప్పారు. నేను చెప్పినదానికంటే బాగా చెప్పారు. చెయ్యెత్తే అవసరం రాలేదు. గంట కొట్టడానికి కాసేపు ఉందనగా మూడో వరుసలో ఒక అబ్బాయి లేచి, “సార్, సున్నాతోని భాగించమని చెప్తే మిషన్ ఏం చేస్తది?” అని అడిగాడు.

సార్ నోరు తెరిచి, ఆగి, కిటికీ వైపు చూశారు. నేను అడ్డంగా తలూపాను. మా శిక్షణలో అది ఇంకా రాలేదు.

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టారు. చేతులు దులుపుకున్నారు. మెట్టు దిగి నడుచుకుంటూ ఆ మూడో వరుస దగ్గరికి వెళ్ళారు. “నాకు గూడ తెల్వదు. జర జరుగుండ్రి బిడ్డా,” అన్నారు. ముగ్గురు అబ్బాయిలు కంగారుగా ఒకరి మీద ఒకరు పడుతూ జరిగారు. ఆ సందులో ఆయన ఇరుక్కుని కూర్చున్నారు. కోటు వీపంతా సుద్దపొడి. రెండు మోచేతులూ డెస్కు మీద ఆనించి, గడ్డం చేతుల్లో పెట్టుకుని, తక్కిన క్లాసంతటితో కలిసి ఎవరూ నిలబడి లేని ఆ బోర్డు వైపు చూడసాగారు.